కాస్పియన్ ఒడ్డుకు వెళ్తున్న మేనకోడలికి

అమ్మడూ,

అజర్‌బైజాన్ రాజధాని బాకూలో ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసింది. సెలవు రోజుల్లో సముద్రం ఒడ్డున పక్షుల్నీ జంతువుల్నీ చూడాలనుందని, మావయ్య అన్నేళ్లు అక్కడే ఉన్నాడు కదా, తెలిసింది రాసి పంపమని అడిగావట. చాలా సంతోషం. ఇంటి అద్దెలు, చలికోట్లు లాంటివి చెప్పేవాళ్లు అక్కడ బోలెడుమంది దొరుకుతారు. నేను సముద్రం సంగతే రాస్తాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకో. కాస్పియన్‌కు ఏ మహాసముద్రంతోనూ దారి లేదు. అజర్‌బైజాన్, రష్యా, కజకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, ఇరాన్ చుట్టూ ఉంటే మధ్యలో మూసుకుపోయిన నీళ్లు అవి. నదుల నుంచి వచ్చే నీటిలో దాదాపు 80 శాతం ఒక్క వోల్గాదే. ఉప్పు మామూలు సముద్రంలో మూడో వంతు ఉంటుంది. డాల్ఫిన్లు, షార్కులు ఇక్కడ లేవు. ఉన్నవాటిలో చాలా జీవులు మాత్రం ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. మామూలు సముద్రంలో ఒకచోట చేప తగ్గితే పక్కనుంచి ఎప్పటికైనా వచ్చి చేరుతుంది. ఇక్కడ ఆ పక్క అనేదే లేదు. నేను చెప్పే జాగ్రత్తలన్నీ అందులోంచి వచ్చినవే.

ఒడ్డుకు ఎప్పుడు వెళ్లాలో గాలిని చూసి తేల్చుకో. ఆటుపోట్లు ఇక్కడ లేనట్టే, నీళ్లను ఒడ్డుకు తోసేదీ వెనక్కి లాగేదీ గాలే. ఉత్తరం నుంచి కొట్టే చల్లగాలిని ఖజ్రి అంటారు, దక్షిణం నుంచి వచ్చే వెచ్చటి గాలి గిలవార్. ఖజ్రి రెండు మూడు రోజులు హోరెత్తించి ఆగిపోయాక, మర్నాడు పొద్దున్నే బాకూ ఉన్న అబ్షెరాన్ ద్వీపకల్పం ఒడ్డుకు వెళ్లు. అల చివర విడిచిన నాచు గీత వెంబడి మెల్లగా నడువు. గుల్లలు, పీత డొల్లలు, చచ్చిన గోబీ చేపలు, పక్షుల ఈకలు... నీళ్ల లోపల ఏమేం బతుకుతున్నాయో ఆ గీతలోనే తెలుస్తుంది. నేను మొదటి ఆరు నెలలు బైనాక్యులర్స్ మెడలో వేసుకుని దూరంగానే చూస్తూ తిరిగాను. కాళ్ల కింద ఉన్నదాన్ని చూడటం మొదలుపెట్టాకే నాకు ఆ సముద్రం అర్థం కావడం మొదలైంది. ఇసుకను గుప్పిట్లోకి తీసుకుని చూడు, చాలాచోట్ల సగానికి సగం గుల్లల ముక్కలే. నగరంలో పాత భవనాలు కట్టిన లేత పసుపు రాయి కూడా పాత సముద్రం అడుగున పేరుకున్న గుల్లల రాయే. బస్సు కోసం నిలబడ్డప్పుడు గోడకు దగ్గరగా వెళ్లి చూడు, అచ్చులు కనిపిస్తాయి.

ఎండాకాలం చివర్లో నీళ్లలో పారదర్శకమైన జెల్లీ ముద్దలు తేలుతుంటాయి. కుట్టవు, భయం లేదు. చీకట్లో కదిలిస్తే నీలి ఆకుపచ్చగా మెరుస్తాయి. చూడ్డానికి అందంగా ఉంటాయి గానీ ఇవి ఈ సముద్రానివి కావు. ఓడలు అడుగున నింపుకుని తెచ్చే నీళ్లలో వోల్గా-డాన్ కాలువ గుండా వచ్చాయి. 1999లో మొదట బయటపడ్డాయి. చిన్న చేపలు తినే సూక్ష్మజీవుల్ని ఇవి తినేశాయి. దాంతో కిల్కా అనే చిన్న చేప ఒక్కసారిగా పడిపోయింది. కిల్కా మీద బతికే సీల్‌కు ఆకలి మొదలైంది. మెరుపు చూసి ముచ్చటపడు, తప్పులేదు, ఈ కథ కూడా గుర్తుంచుకో.

రాళ్ల మీద కాలు పెట్టేముందు మాత్రం చూసుకో. ఒక మే నెల పొద్దున నేను ఫ్లాస్కులో టీ పోసుకుని కూర్చున్నాను. రెండు బారల దూరంలో నీళ్లలోంచి ఒక తల లేచింది. నోట్లో అడ్డంగా గోబీ చేప, తోక ఇంకా కొట్టుకుంటోంది. ఒంటి మీద పాచికల్లాంటి మచ్చలు. పాము రాతి మీదికి పాక్కుంటూ వచ్చి, చేప తలను నోటివైపు తిప్పుకుని, కొంచెం కొంచెంగా మింగింది. నేను టీ గ్లాసు కిందపెట్టడానికి కూడా సాహసించలేదు. భయంతో కాదమ్మా, అది ఆగిపోతుందేమోనని. మన నీరుకట్టె పాము లాంటిదే, విషం లేదు. పట్టుకుంటే కంపు వదులుతుంది, నోరు తెరిచి నాలుక వేలాడేసి చచ్చినట్టు నటిస్తుంది. అయితే అబ్షెరాన్‌లో గ్యుర్జా అనే విషపు పాము కూడా ఉంది. అందుకని ఏ పామునూ ముట్టుకోవద్దు. రాళ్ల సందుల్లో చేతులు పెట్టొద్దు.

ఇక సీల్. అక్కడివాళ్లు దాన్ని సుఇతి అంటారు, అంటే నీటి కుక్క. మన దగ్గర నీటికుక్క వేరే జంతువు, పేరు వినగానే పొరపడకు. కాస్పియన్ సీల్ ఈ సముద్రంలో తప్ప ఎక్కడా లేదు. చలికాలం చివర్లో ఉత్తరాన గడ్డకట్టిన మంచు మీద తెల్ల బొచ్చు పిల్లల్ని కంటుంది. వసంతంలో కొన్ని దక్షిణానికి వస్తాయి. 20వ శతాబ్దం మొదట్లో దాదాపు 10 లక్షలు ఉండేవని లెక్క. వేట, కాలుష్యం, వలల్లో చిక్కుకోవడం, పలచబడుతున్న మంచు, అన్నీ కలిసి 2008కల్లా అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చాయి. 2000లో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ జబ్బు వైరస్ వేల సీళ్లను చంపింది. 2022 డిసెంబరులో రష్యాలోని దాగెస్తాన్ ఒడ్డుకు చచ్చిన సీళ్లు రెండు వేలకు పైగా కొట్టుకొచ్చాయి.

నేను చేసిన తప్పొకటి నీకు చెప్పాలి. వెళ్లిన రెండో ఏడాది ఏప్రిల్‌లో ఒక పడవ మాట్లాడుకుని అబ్షెరాన్ కొస దగ్గరి రాళ్లకు వెళ్లాం. పది పన్నెండు సీళ్లు ఎండకు పడుకున్నాయి. ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి అని పడవతనితో అంటూనే ఉన్నాను. తలలెత్తి చూశాయి, ఒక్క క్షణంలో అన్నీ నీళ్లలోకి జారిపోయాయి. చిన్నదొకటి తడబడి రాతి అంచుకు పొట్ట గీసుకుంటూ పడింది. బొచ్చు రాల్చుకునే రోజుల్లో వాటికి ఆ ఎండ, ఆ విశ్రాంతి ఎంత అవసరమో నాకు తర్వాత తెలిసింది. ఆ ఫొటోలు మళ్లీ తెరిచి చూడలేదు. నువ్వు మాత్రం వంద మీటర్ల లోపలికి వెళ్లొద్దు. తల ఎత్తి నీవైపే చూస్తోందంటే అప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్లినట్టు, ఆగి వెనక్కి తగ్గు. కదలకుండా ఒడ్డున కూర్చుంటే ఒక్కోసారి అదే వస్తుంది. నల్లగా తడిసిన కుండలాంటి తల, పెద్ద కళ్లు, మీసాల నుంచి కారే చుక్కలు. ఊపిరి తీసుకునేటప్పుడే ముక్కు తెరుచుకుంటుంది, మిగతాప్పుడు మూసుకునే ఉంటుంది. చచ్చిన సీల్ కనిపిస్తే ముట్టుకోకు, కుక్కల్ని దగ్గరికి రానివ్వకు. ఫొటో తీసి, చోటు, తేదీ రాసుకుని, పర్యావరణ శాఖవాళ్లకు చెప్పు.

పక్షులకైతే నీ అదృష్టం బాగుంది, సరిగ్గా సీజన్‌కు వెళ్తున్నావు. అక్టోబరు, నవంబరుల్లో బాకూకు ఉత్తరాన బెష్ బర్మాగ్ కొండ దగ్గరికి వెళ్లు. ఐదు వేళ్లని ఆ పేరుకు అర్థం. కాకసస్ కొండలకూ సముద్రానికీ మధ్య నేల అక్కడ సన్నగా ఉంటుంది. వలస పక్షులన్నీ ఆ ఇరుకులోంచే దక్షిణానికి సాగుతాయి. తెల్లారకముందే వెళ్లి గాలికి వీపు పెట్టి కూర్చో. చలికాలంలో దక్షిణాన గిజిల్ అగాజ్ చూడాలి. 1929 నుంచీ రక్షిత ప్రాంతం అది, 2018లో నేషనల్ పార్క్ అయింది. ఫ్లెమింగోలు, బాతులు, బొల్లికోళ్లు, అదృష్టముంటే గూడబాతులు. అనుమతి, టికెట్టు సంగతి ముందే కనుక్కో. కారు దిగకుండా కిటికీలోంచి చూస్తే పక్షులు లేవవు, ఇది బాగా పనిచేస్తుంది. వాటిని ఎగరగొట్టి ఫొటో తీసేవాళ్లతో వెళ్లకు. చిత్తడి నేలల కోసం దేశాలన్నీ చేసుకున్న 1971 ఒప్పందానికి రామ్సర్ అన్న పేరు ఇదే సముద్రం ఒడ్డున, ఇరాన్‌లో ఉన్న ఊరి నుంచే వచ్చింది. మన కొల్లేరు ఆ జాబితాలోనే ఉంది.

కేవియర్, అంటే స్టర్జన్ చేప గుడ్ల మాట కూడా చెప్పాలి. బజార్లో ఎవరో పక్కకు పిలిచి, లేబుల్ లేని డబ్బా చూపిస్తారు. తీసుకోవద్దు. బెలూగా స్టర్జన్ ఆడచేప గుడ్లు పెట్టే వయసుకు రావడానికే పదిహేనేళ్లు పడుతుంది. అలా పెరిగినదాని కడుపు కోసి తీసినవి ఆ గుడ్లు. వోల్గా నది మీద వోల్గోగ్రాద్ దగ్గర డ్యామ్ కట్టాక అది నదిలో పైకెళ్లి గుడ్లు పెట్టే దారి మూసుకుపోయింది, దొంగవేట మిగిలినదాన్ని తినేసింది. స్టర్జన్‌ను చూడాలనుంటే పిల్లల్ని పెంచి వదిలే కేంద్రానికి ఎవరితోనైనా చెప్పించుకుని వెళ్లు. చిటికెన వేలంత పిల్లకు కూడా వీపు మీద, పక్కల, పొట్ట దగ్గర ఎముక పలకల వరుసలు ఐదూ స్పష్టంగా ఉంటాయి. మూతి కింద నాలుగు మీసాలతో తొట్టి అడుగును తడుముతూ తిరుగుతుంది.

చివరగా, ఒక నోట్‌బుక్ పెట్టుకో. తేదీ, గాలి, చోటు, ఏం చూశావు, ఎన్ని. ఏమీ కనిపించని రోజు కూడా ఏమీ కనిపించలేదని రాయి. 1995 తర్వాత నీటి మట్టం రెండు మీటర్లకు పైగా పడిపోయింది, ఇంకా తగ్గుతోంది. ఉత్తరాన లోతే సగటున ఐదారు మీటర్లు, అక్కడ మీటరు తగ్గితే ఎంత నేల బయటపడుతుందో ఊహించు. నేనుండే రోజుల్లో బిల్గా బీచ్ దగ్గర ఒక పాత చెక్క పడవరేవు ఉండేది. దాని చివరి స్తంభం నడుము దాకా నీళ్లలో ఉండేది. అది ఇంకా ఉంటే, వెళ్లిన మొదటి వారంలోనే ఒక ఫొటో తీసి నాకు పంపు. వచ్చే ఏడాది అదే నెలలో, అదే చోట నిలబడి ఇంకొకటి.

మీ మావయ్య