వర్గ సమీకరణాలకు సూత్రం బట్టీ పట్టిస్తే సరిపోతుందా?

మీ అమ్మాయి పదో తరగతి అన్నారు, సూత్రం ఒక్కటి బట్టీ పట్టిస్తే గట్టెక్కుతుందా అని అడిగారు. వద్దండీ, నేను అలాగే బట్టీ పట్టి దెబ్బతిన్నాను.

విజయవాడలో ఓ రెసిడెన్షియల్ స్కూల్లో చదివేదాన్ని. పొద్దున ఐదింటికే స్టడీ అవర్, నిద్రకళ్లతో అందరం "మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ రూట్ ఆఫ్..." అని వల్లించేవాళ్లం. ఓ స్లిప్ టెస్టులో ఎక్స్² − 4ఎక్స్ − 1 = 0 ఇచ్చారు. ఏఎక్స్² + బిఎక్స్ + సి = 0తో పోలిస్తే బి మైనస్ 4 కాబట్టి మైనస్ బి అంటే ప్లస్ 4, నేను మైనస్ 4 వేసేశాను. 2 ± √5 రావాల్సింది కాస్తా −2 ± √5 వచ్చింది, తప్పు చేశానన్న అనుమానమైనా రాలేదు.

దసరా సెలవులకి గుంటూరు వెళ్తే, బ్రాడీపేటలో ఉండే మా బాబాయి ఆ పేపర్ చూసి ఏమీ అనకుండా, పుస్తకాలకి అట్టలేయగా మిగిలిన బ్రౌన్ పేపర్ తెచ్చి చదరంగా కత్తిరించి నాపరాళ్ల మీద పరిచాడు. "దీని భుజం ఎక్స్. ఎక్స్² + 6ఎక్స్ = 40 అనుకో." 6ఎక్స్ కోసం ఎక్స్ పొడవు, 6 వెడల్పు ఉన్న ముక్క తీసుకుని, దాన్ని నిలువునా సగానికి కోసి, ఒకటి చదరం పక్కన, ఒకటి కింద పెట్టాడు. మూలన చిన్న ఖాళీలోంచి నేల కనిపిస్తోంది. "అదెంతమ్మా?" మూడు మూళ్లు తొమ్మిది! అది పూడిస్తే 49, అంటే పెద్ద చదరం భుజం 7, ఎక్స్ 4. మైనస్ 7 వర్గం కూడా 49 కదా అని −10 కూడా నాచేతే చెప్పించాడు, అది మాత్రం కాగితం మీద కనపడదు.

సూత్రం అంటే ఆ ఖాళీని ఏ, బి, సిలతో ఒక్కసారే పూడ్చి పెట్టుకోవడం, అంతే. మన పాతకాలపు గణితవేత్త శ్రీధరాచార్యుడు చేసిందీ అదే, భిన్నాలు రాకుండా ముందే 4ఏతో గుణించి బి² కలుపుతాడు. ఆ పద్ధతిని తర్వాతి గణితవేత్త భాస్కరాచార్యుడు తన 'బీజగణితం' అనే గ్రంథంలో శ్రీధరుడి పేరుతోనే చెప్పాడు. ఇది క్లాసులో చెప్పడానికి పది నిమిషాలు చాలు, చెప్పరు! పైగా ఇప్పుడు యూట్యూబులో "రెండు సెకన్లలో మూలాలు" అంటూ షార్ట్‌కట్లు, అవన్నీ చక్కగా కారణాంకాలు పడే లెక్కలే ఏరుకుని చేసేవి. నా స్లిప్ టెస్టు లెక్కలో విచక్షణి, అంటే సూత్రంలో రూట్ కింద ఉండే బి² − 4ఏసి, 20, పూర్ణవర్గం కాదు, ఇక ఆ షార్ట్‌కట్ ఏం చేస్తుంది?

ఇవాళే కత్తెర, పాత పేపరు తీసుకుని అమ్మాయితో కూర్చోండి. మొదట 6ఎక్స్ ఉన్న లెక్కే ఇవ్వండి, 5ఎక్స్ వద్దు, సగం రెండున్నర వచ్చి కంగారు పడుతుంది.