రక్తం ఎనిమిది పాయింట్లు కాదమ్మా, అది షుగరు

ప్రశ్న: మా నాయనకు 61 ఏళ్లు. చెరకు, మామిడి సేద్యం. నీరసంగా ఉందంటే రక్తపరీక్ష చేయించాం. రిపోర్టులో ‘హెచ్‌బీఏ1సీ 8.2’ అని వచ్చింది. రక్తం ఎనిమిది పాయింట్లకు పడిపోయిందని అమ్మ నెల నుంచి పొద్దున ఖర్జూరాలు, సాయంత్రం బెల్లం వేసిన నువ్వులుండలు పెడుతోంది. నీరసం తగ్గలేదు సరికదా, రాత్రిళ్లు నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నాడు. టెస్టుకు ముందు రెండు రోజులు తిండి తగ్గించాడు, పరగడుపు షుగరు 118 వచ్చింది. రక్తం పట్టడానికి ఇంకేం పెట్టాలి?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: అమ్మా, ఆ ఖర్జూరాలు, నువ్వులుండలు ఈ రోజే ఆపేయండి. 8.2 రక్తం లెక్క కాదు, షుగరు లెక్క. మీరు పంపిన రిపోర్టు రెండో పేజీలో ‘హిమోగ్లోబిన్ 13.6’ అని వేరే ఉంది. మనం ‘రక్తం ఇన్ని పాయింట్లు’ అనుకునేది దాన్ని. మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12, గర్భిణులకు 11కు తగ్గితేనే రక్తహీనత అంటాం. మీ నాయనకు రక్తం బాగానే ఉంది.

తిరుపతిలో ఇరవయ్యారేళ్లుగా రక్తపరీక్షలు చూస్తున్నాను. హిమోగ్లోబిన్‌ను పొట్టిగా ‘హెచ్‌బీ’ అని రాస్తారు, హెచ్‌బీఏ1సీ కూడా ‘హెచ్‌బీ’తోనే మొదలవుతుంది కాబట్టి, చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ పొరబడతారు. అంకె పక్కన ఏముందో చూడండి. గ్రాములని ఉంటే రక్తం, శాతం గుర్తు ఉంటే షుగరు.

బెల్లం వండే చోట పొద్దంతా నిలబడ్డవాళ్ల చొక్కా చూసే ఉంటారు, సాయంత్రానికి జిగటగా అయిపోతుంది. హిమోగ్లోబిన్‌కూ అంతే. అది ఎర్రకణాల్లో ఉండి ఆక్సిజన్ మోస్తుంది. ఎర్రకణం బతికేది సుమారు 120 రోజులు, అన్నాళ్లూ దానికి ఒకటే చొక్కా. రక్తంలో తీపి ఎంత ఎక్కువుంటే అంత అంటుకుంటుంది. ఒకసారి గట్టిగా అంటుకున్నాక ఇక ఊడదు. మీ నాయన రక్తంలో ప్రతి వంద హిమోగ్లోబిన్‌లలో ఎనిమిదికి పైగా అలా తీపి అంటినవే. రెండు మూడు నెలల సగటు షుగరు 189 దగ్గర ఉందని దాని అర్థం.

మరి పరగడుపు 118? అదీ నిజమే, కానీ ఆ ఒక్క పొద్దుటిది. రెండు రోజులు నోరు కట్టుకుంటే అది దిగుతుంది. మూడు నెలల లెక్క రెండు రోజుల్లో మారదు. ఈ పరీక్షకు పరగడుపున రానక్కర్లేదు కూడా.

ఈ శాతం 5.7 లోపు ఉంటే మామూలు. 6.4 దాకా హెచ్చరిక. 6.5 నుంచి షుగరు జబ్బు కిందే లెక్క. మీ నాయన రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పడం లేదు కాబట్టి, డాక్టరు మరోసారి చేయించి ఖాయం చేసుకుంటారు. నీరసం, రాత్రిళ్లు లేవడం చూస్తే మాత్రం నాకు పెద్దగా అనుమానం లేదు. ఈ వారంలోనే చూపించండి. కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూడమని అడగండి. కళ్ల వెనక పొర కూడా చూపించాలి.

ఇంకొకటి, రాగి సంగటి తింటే షుగరు రాదని మన వైపు గట్టి నమ్మకం. రాగులు మంచివే, కానీ సంగటీ పిండిపదార్థమే. రెండు ముద్దలు తినేచోట ఒకటి పెట్టి, ఆకుకూర పప్పు ఎక్కువ వేయండి.

అమ్మను ఏమీ అనకండి. ఆమె చేతికి రిపోర్టు ఇచ్చి, దాని అర్థం ఎవరూ చెప్పలేదు. తనకు తెలిసిన బలమైన తిండే పెట్టింది.

ప్రశ్న: మా బాబుకు జ్వరం. ఏడో రోజు డెంగీ ఎన్‌ఎస్1 ‘నెగెటివ్’ వచ్చింది. నెగెటివ్ అంటే చెడ్డదా?
– ఒక తండ్రి, శ్రీకాళహస్తి

జవాబు: కాదండీ. వెతికింది దొరకలేదని అర్థం, అంతే. అయితే ఎన్‌ఎస్1 అనేది డెంగీ వైరస్ వదిలే ప్రొటీన్. జ్వరం మొదలైన తొలి రోజుల్లోనే బాగా దొరుకుతుంది. ఏడో రోజు దొరకనంత మాత్రాన డెంగీ లేదనుకోలేం, డెంగీని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను వెతికే ఐజీఎం పరీక్ష చేయించండి. జ్వరం దిగినా సరే, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే రిపోర్టు కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.