న్యూ ఆర్లీన్స్‌లో క్రియోల్, సోల్ ఫుడ్ రెస్టారెంట్‌కి అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా? వాళ్లు తినగలిగేవి ఏముంటాయి?

తీసుకెళ్లండి, తప్పకుండా. (క్రియోల్ అంటే ఆ ఊరి వంట, సోల్ ఫుడ్ అంటే అమెరికా దక్షిణాది నల్లజాతి కుటుంబాల ఇంటి వంట, వివరం కింద చెప్తాను.) కాకపోతే మీ అమ్మగారు సోమవారాలు నీచు ముట్టని మనిషైతే సోమవారం మాత్రం వద్దు. ఈ విషయంలో మా ఇంట్లో నా మీద కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

మీ నాన్నగారు కోడి, చేప, రొయ్య తింటారు, పోర్కు, బీఫు ముట్టరు, అమ్మగారు వారంలో కొన్ని రోజులే నాన్‌వెజ్ తింటారు అని రాశారు కదా, అచ్చం మా ఇల్లే. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, నేనుండేది హ్యూస్టన్‌లో. అమ్మానాన్న వచ్చినప్పుడు ఐ-10 హైవే పట్టుకుని 350 మైళ్లు కారులో తీసుకెళ్లాను. ఆదివారం రాత్రికి చేరాం, సోమవారం మధ్యాహ్నం ఆ ఊళ్లోనే ట్రెమే అనే పేట వైపు ఒక చిన్న ఫ్యామిలీ రెస్టారెంట్‌లో కూర్చున్నాం. పది పన్నెండు టేబుళ్లు, గోడ నిండా ఆ ఇంటివాళ్ల ఫొటోలు, మెనూ సుద్దముక్కతో బోర్డు మీద రాసి ఉంది.

ఆ ఊళ్లో సోమవారం అంటే రెడ్ బీన్స్ అండ్ రైస్. పాతకాలంలో సోమవారం బట్టలుతికే రోజట. ఆదివారం వండిన హ్యామ్ (పంది తొడ మాంసం) తాలూకు ఎముక మిగిలి ఉంటే దాన్ని నానబెట్టిన బీన్స్‌లో పడేసి పొయ్యి మీద పెట్టేవాళ్లు, ఇటు బట్టల పని అయ్యేసరికి అటు కూర దానంతటదే ఉడికిపోయేది. వాషింగ్ మెషిన్లు వచ్చి ఇన్నాళ్లయినా ఆ అలవాటు పోలేదు. ఆ ఊళ్లో పుట్టిన జాజ్ సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఉత్తరాల చివర "సిన్సియర్లీ యువర్స్" లాంటిదానికి బదులు "రెడ్ బీన్స్ అండ్ రైస్లీ యువర్స్" అని రాసేవాడు, అంత పిచ్చి. ఇదంతా నేను ముందే చదువుకుని వెళ్లాను. "అమ్మా, ఇది రాజ్మా అన్నం, నీ సోమవారానికి సరిగ్గా సరిపోయింది" అని గొప్పగా ఆర్డర్ ఇచ్చాను కూడా. హ్యామ్ ఎముక కథ తెలిసి కూడా, ఇప్పుడు రెస్టారెంట్లలో ఎందుకు వేస్తారులే అనుకున్నాను. ఎందుకనుకున్నానో నాకే తెలీదు.

ప్లేటు వచ్చింది. మధ్యలో అన్నం, చుట్టూ చిక్కగా, కవ్వంతో మెదిపినట్టు బీన్స్, పైన కాస్త ఉల్లికాడలు. అమ్మ రెండు స్పూన్లు తిని "బావుందిరా, పొగ వాసనేదో వస్తోంది, కుంపటి మీద చేశారా" అంది. మూడో స్పూన్‌లో ఏదో మెత్తటి ముక్క తగిలింది. అమ్మ ఏమీ అనలేదు. స్పూన్ ప్లేటు అంచున పెట్టేసి, మంచినీళ్లు తాగి, నా మొహంలోకి చూసింది. ఆ చూపు చాలు.

తప్పు ఆ రెస్టారెంట్‌ది కాదు, అడగనిది నేను. తర్వాత వడ్డించే ఆవిడని పిలిచి, పోర్కు తగలని ఐటమ్స్ ఏమున్నాయి అని అడిగితే, ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆలోచించి "బేబీ, గ్యారంటీగా చెప్పాలంటే స్వీట్ టీ" అంది. (అక్కడ అందరూ అందర్నీ బేబీ అనే పిలుస్తారు, డెబ్బై ఏళ్ల మా నాన్నని కూడా. ఆయన ముసిముసి నవ్వులు చూడాలి.) నవ్వేశాక మాత్రం నిజంగానే కిచెన్‌లోకి వెళ్లి ఒక్కొక్కటీ కనుక్కుని వచ్చింది.

కాబట్టి మొదటి మాట: మెనూలో పేరు చూసి వెజ్ అనుకోవద్దు. కాలర్డ్ గ్రీన్స్ అని ఆకుకూర ఉంటుంది, చూడ్డానికి మన తోటకూర వేపుడు కంటే ముదురుగా, రసంతో ఉంటుంది, ఆ రసంలో కార్న్‌బ్రెడ్ (మొక్కజొన్న పిండి రొట్టె) ముంచుకు తింటే అద్భుతం, కానీ అందులో పంది కాలి ముక్క వేసి గంటల తరబడి ఉడికిస్తారు. కొన్నిచోట్ల ఇప్పుడు దాని బదులు స్మోక్డ్ టర్కీ వేస్తున్నారు, అదైతే మీ నాన్నగారికి ఓకే. అలసందలదీ అదే కథ. క్యాబేజీదీ అంతే. డర్టీ రైస్ అంటే కోడి కార్జం, కందనకాయ సన్నగా కొట్టి కలిపిన అన్నం, అందులోనూ పోర్కు కలుపుతారు. గంబో అంటే అక్కడి చిక్కటి పులుసు, అందులో గంబో జెర్బ్ అని ఒకటుంది, రకరకాల ఆకుకూరలతో చేస్తారు, ఈస్టర్ ముందు వచ్చే గురువారం డూకీ చేజ్ రెస్టారెంట్‌లో దానికోసం జనం ఎగబడతారు. పేరులో ఆకులే ఉన్నా గిన్నెలో మాంసాలు బోలెడు.

క్రియోల్‌కీ సోల్ ఫుడ్‌కీ తేడా ఏంటని కూడా అడిగారు. క్రియోల్ అంటే న్యూ ఆర్లీన్స్ టౌన్ వంట: ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికన్, అక్కడి ఆదివాసీల పద్ధతులన్నీ కలిసిపోయింది. సోల్ ఫుడ్ అంటే అమెరికా దక్షిణాది నల్లజాతి కుటుంబాల ఇంటి వంట, ఆ పేరు 1960లలో బాగా వాడుకలోకి వచ్చింది. వండే చెయ్యి ఒకటే అయినప్పుడు రెండూ ఒకే మెనూలో పక్కపక్కన ఉంటాయి, గంబో పక్కన ఫ్రైడ్ చికెన్, మాక్ అండ్ చీజ్ (చీజ్‌తో చేసే మాకరోనీ). కేజన్ అనేది వేరే, కెనడా వైపు నుంచి బ్రిటిష్‌వాళ్లు 1755 నుంచి తరిమేసిన ఫ్రెంచి జనం కొంతమంది వచ్చి లూసియానా పల్లెల్లో స్థిరపడ్డారు, అది వాళ్ల వంట. జంబలాయా అని మాంసమో రొయ్యలో వేసి కలిపి వండే అన్నం ఉంటుంది, అది టమాటా వేసి ఎర్రగా కనిపిస్తే క్రియోల్, టమాటా లేకుండా గోధుమరంగులో ఉంటే కేజన్, ఈ గుర్తు చాలు మనకి.

ఇక గంబో. మీరు వెళ్లేదే దీనికోసం అనుకోండి. గంబో అనే మాటే ఆఫ్రికా భాషల్లో బెండకాయ పేరు నుంచి వచ్చింది, ఫ్రెంచిలో ఇప్పటికీ బెండకాయని గొంబో అనే అంటారు. చిక్కదనానికి మూడు దారులు: బెండకాయ, లేదా ఫిలే అని సాసఫ్రాస్ ఆకుల పొడి (ఇది చోక్టా ఆదివాసీల నుంచి వచ్చింది), లేదా రూ. రూ అంటే మైదాని నూనెలో చాక్లెట్ రంగు వచ్చేదాకా వేయించడం, ముప్పావుగంట గరిట ఆపకుండా తిప్పాలి, కొంచెం మాడినా మొత్తం పారబోయాల్సిందే. నేను ఇంట్లో రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ పారబోశాను. దానిమీద ఉల్లిపాయ, సెలరీ, క్యాప్సికమ్ వేస్తారు, మనకి అల్లం వెల్లుల్లి ముద్ద ఎలాగో వాళ్లకి ఈ మూడూ అలాగ, ఏ కూర చూసినా ఇవే.

మా నాన్నకి సీఫుడ్ గంబో చెప్పాం, సాసేజ్ లేకుండా దొరికింది. అన్నిచోట్లా దొరకదు, చాలామంది ఆండూయీ అనే పంది సాసేజ్ వేసే వండుతారు, వడ్డించేటప్పుడు ముక్కలు ఏరేస్తామంటారు, మీకది పర్లేదో లేదో మీరే తేల్చుకోండి. నల్లగా ఉన్న పులుసులోంచి సగం పీత పైకి కనిపిస్తోంది, కింద బెండకాయ చక్రాలు, రొయ్యలు, ఓ గరిటెడు అన్నం. నాన్న స్పూన్‌తో కాసేపు కుస్తీ పట్టి, అటూ ఇటూ చూసి, స్పూన్ పక్కన పెట్టి చేత్తో పీత కాలు విరిచారు. నేను సిగ్గుపడేలోపే వడ్డించే ఆవిడ తడి న్యాప్‌కిన్లు నాలుగు తెచ్చి ఆయన పక్కన పెట్టి "దట్స్ రైట్ బేబీ" అని వెళ్లిపోయింది. పక్క టేబుల్ పెద్దాయన కూడా చేత్తోనే తింటున్నాడు. చివరికి నాన్న తీర్పు: "బెండకాయ పులుసులో పీత వేశారు, చింతపండు మర్చిపోయారు. మిగతాదంతా కరెక్టే."

కారం చాల్లేదని హాట్ సాస్ బాటిల్ అందుకోబోయారు, వద్దన్నాను. అందులో వెనిగర్ ఎక్కువ, గంబో రుచి చచ్చిపోతుంది. డూకీ చేజ్‌లో దశాబ్దాలు వంటగది నడిపిన లియా చేజ్ అని మహాతల్లి ఉండేవారు, 2019లో 96 ఏళ్లకి పోయారు. గంబోలో హాట్ సాస్ వేసుకున్నందుకు ఆవిడ ఒబామాకే చీవాట్లు పెట్టారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే టేబుల్ దగ్గర కూర్చోవడం నేరమైన రోజుల్లో పౌరహక్కుల ఉద్యమంవాళ్లు రెండు రంగులవాళ్లూ ఆవిడ మేడ మీద గదిలో గంబో తింటూ మీటింగులు పెట్టుకునేవాళ్లు. 1941లో మొదలైన ఆ రెస్టారెంట్ ఇప్పటికీ ఉంది, వీలైతే మీరు అక్కడికే వెళ్లండి. ఫ్రైడ్ చికెన్ కోసమైతే విల్లీ మేస్ అనే రెస్టారెంట్, దానికి 2005లో జేమ్స్ బియర్డ్ అవార్డు (అమెరికాలో వంటలకిచ్చే పెద్ద అవార్డు) కూడా వచ్చింది.

ఫ్రైడ్ చికెన్ గురించి ఎక్కువ చెప్పను, మనవాళ్లెవరికైనా నచ్చుతుంది. ఏ నూనెలో వేయిస్తారో అడగండి చాలు, కొందరు పంది కొవ్వు వాడతారు. క్యాట్‌ఫిష్ ఫ్రై కూడా బావుంటుంది, మొక్కజొన్న పిండి అద్ది కరకరలాడేలా వేయిస్తారు. ష్రింప్ అండ్ గ్రిట్స్‌లో గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ, అచ్చం పలచటి ఉప్మాలా కనిపిస్తుంది, పోపు ఉండదు, వెన్నా ఉప్పూ అంతే. ఇందులోనూ బేకన్ (అదీ పంది మాంసమే) వేసేవాళ్లున్నారు.

అమ్మ సంగతి. ఆ రోజు కిచెన్‌లో కనుక్కుని వచ్చాక అమ్మకి దొరికినవి మాక్ అండ్ చీజ్, క్యాండీడ్ యామ్స్, కార్న్‌బ్రెడ్. క్యాండీడ్ యామ్స్ అంటే చిలగడదుంపలు వెన్న, బ్రౌన్ షుగర్, దాల్చినచెక్కతో పాకంలా ఉడికించడం, అమ్మకి అది తెగ నచ్చింది, మళ్లీ ఇంకో గిన్నె చెప్పింది. స్వచ్ఛమైన శాకాహారులైతే ఇంతకుమించి ఆశ పెట్టుకోవద్దు, నిజాయితీగా చెప్తున్నాను, వాళ్లకి ఇది పావు కడుపు భోజనమే. అలాంటివాళ్లని కెఫే డు మాండ్‌కి తీసుకెళ్లండి. 1862 నుంచి ఉంది, బెన్యే అని మైదాతో ఉబ్బెత్తుగా వేయించి గుట్టగా పంచదార పొడి చల్లిస్తారు, పక్కన చికోరీ కలిపిన కాఫీ, సగం వేడి పాలు. మన ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీయే. మొదటి గుక్కకే అమ్మ మొహం విచ్చుకుంది, "అమెరికా వచ్చాక ఇదే మొదటి కాఫీ" అంది. నేను ఇంట్లో రోజూ పెట్టిచ్చేది ఏంటో మరి.

మధ్యాహ్నమే వెళ్లండి, ఇలాంటివి కొన్ని సాయంత్రానికి మూసేస్తారు, అయిపోయిన ఐటమ్ బోర్డు మీద చెరిపేస్తారు. గంబో ముందు ఒక కప్పు చెప్పి చూడండి, నచ్చితే బౌల్ చెప్పొచ్చు, ప్లేట్లు చాలా పెద్దవి, నలుగురికి మూడు సరిపోతాయి. టిప్పు 20 శాతం, బిల్లు మీ నాన్నగారికి చూపించకండి. ఒకవేళ పీత, రొయ్య ఎవరికైనా పడకపోతే కూర్చోగానే చెప్పండి, సగం మెనూలో అవే ఉంటాయి.

మిగిలిన గంబో డబ్బాలో కట్టించుకుని ఐస్‌బాక్స్‌లో పెట్టి హ్యూస్టన్ తెచ్చాం. మర్నాడు పొద్దున నేను లేచేసరికి నాన్న స్టవ్ దగ్గర ఉన్నారు, గంబో వేడెక్కుతోంది, పక్కన గిన్నెలో చింతపండు నానుతోంది. మంగళవారం కాబట్టి అమ్మ కూడా తింది.