పడమటి కిటికీకి షట్టర్లు లోపలా, బయటా?

విశాఖలో మూడో అంతస్తు, పడమటి పడకగది, సాయంత్రం ఎండకి ఉండలేకపోతున్నాం, లోపలివైపు ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో కలిపి ఒత్తిన పలక) షట్టర్లు వేయించమంటారా అని అడిగారు కదండీ. ఎండీఎఫ్ మాత్రం వద్దండీ. సముద్రపు తేమకి, కిటికీలోంచి కొట్టే వానజల్లుకి అది ఉబ్బిపోతుంది.

అసలు లోపల వేస్తే వెలుతురు ఆగుతుంది గానీ, అద్దం దాటి వచ్చేసిన వేడి చాలావరకు గదిలోనే ఉండిపోతుంది. ఎండని అద్దం బయటే ఆపాలి. పుదుచ్చేరి ఫ్రెంచి వీధుల్లో పాత ఇళ్ళ కిటికీలకి బయట రెక్కల తలుపులు, అంటే ఏటవాలు పట్టీలు వరసగా ఉన్న షట్టర్లు, చూశారా? అవి మూసినా గాలి ఆడుతుంది, ఎండ పడదు.

అలా బయట వేయించే షట్టర్లకి మీకు అల్యూమినియం మంచిది. టేకు అందమే, కానీ పాలిష్ మళ్ళీ మళ్ళీ వేయించాలి. బందులు, స్క్రూలు ఉప్పుగాలిని బాగా తట్టుకునే 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలువే అడగండి. మామూలు ఇనుము ఉప్పుగాలికి తుప్పు పట్టేస్తుంది. తుపాను గాలికి ఊడకుండా తెరిచినప్పుడూ మూసినప్పుడూ బిగించే గట్టి కొక్కేలుండాలి. ముందు అసోసియేషన్ అనుమతి తీసుకోండి. ఒప్పుకోకపోతే లోపల పీవీసీ వేయించి, బయట పైన సన్‌షేడ్ పెంచే వీలుందేమో అడగండి.

కొలత మీరే దగ్గరుండి తీయించండి. వెడల్పు పైన, మధ్యలో, కింద చూసి, చట్రం లోపల బిగించేట్టయితే తక్కువది లెక్కలోకి తీసుకోవాలి. గ్రిల్ సందులోంచి చెయ్యి పెట్టి రెక్కలు తిప్పగలరో లేదో ఆర్డరు ఇవ్వకముందే చూసుకోండి.