పొట్లం వెనకవైపు చదివాకే సరుకు కొను: మేనకోడలికి ఒక ఉత్తరం

హిమాయత్‌నగర్, హైదరాబాద్

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కొండాపూర్‌లో విదేశీ చాక్లెట్ల దుకాణం తెరవాలనుకుంటున్నానని నువ్వు రాసిన ఉత్తరమూ, దానితో పాటు పంపిన 43 బ్రాండ్ల జాబితా అందాయి. జాబితాను రెండుసార్లు చదివాను. ముప్ఫై రెండేళ్లు ఇదే సరుకు అమ్మి, మోకాళ్లు మొరాయించాక కొట్టు ఇంకొకరికి అప్పగించి ఇంట్లో కూర్చున్నవాణ్ణి కనుక, అడిగిన దానికన్నా కాస్త ఎక్కువే చెబుతాను, ఓపికగా చదువు. నీ జాబితాలో నాకు కనిపించిన లోపం ఒక్కటే. అందులో పేర్లున్నాయి గాని, ఏ పేరు గల సరుకు ఏ దేశపు ఫ్యాక్టరీలో తయారై వస్తుందో లేదు. పేరును చూసి మనిషి ఒకసారి కొంటాడు. అదే మనిషి మళ్లీ నీ గుమ్మం ఎక్కాలంటే, పొట్లం వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్నదంతా అతనికంటే ముందు నీకు తెలిసి ఉండాలి.

‘కిట్‌క్యాట్, దిగుమతి’ అని ఒక్క వరుసలో రాసి వదిలేశావు. ఆ సరుకును 1935లో ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో రౌంట్రీ కంపెనీ ‘చాక్లెట్ క్రిస్ప్’ అనే పేరుతో మొదలుపెట్టి, 1937లో కిట్‌క్యాట్‌గా మార్చింది. 1988లో రౌంట్రీని నెస్లే కొన్నా, పాత ఒప్పందం ప్రకారం అమెరికాలో దాన్ని ఈనాటికీ హెర్షీ కంపెనీయే తయారుచేస్తుంది. జపాన్‌లో ఆ పేరు ‘తప్పక గెలుస్తావు’ అనే అర్థమొచ్చే వాళ్ల మాటకు దగ్గరగా వినిపించడంతో పరీక్షలు రాయబోయే పిల్లలకు ఇచ్చే కానుకైంది. అక్కడ పచ్చ తేయాకు పొడితో చేసిన రకం కూడా దొరుకుతుంది. మనం హాల్ టికెట్టును దేవుడి దగ్గర పెట్టి, పెరుగూ పంచదారా తినిపించి పంపినట్టే కదా! ఇప్పుడు చెప్పు, నువ్వు తెప్పించబోయేది వీటిలో ఏది? గచ్చిబౌలి కుర్రవాడు మన వీధి చివర దొరికే దానికి మూడింతలు పెట్టి నీ దగ్గర కొంటే, తేడా ఏమిటని అడుగుతాడు, అడగాలి కూడా. అప్పుడు ‘ఇది ఇంపోర్టెడ్ సార్’ అంటే అతనికి జవాబు దొరికినట్టు కాదు.

క్యాడ్‌బరీ సంగతీ అంతే. జాన్ క్యాడ్‌బరీ 1824లో బర్మింగ్‌హామ్‌లో పెట్టిన చిన్న కొట్టు నుంచి పుట్టిన ఆ పేరు మీద 1905లో డైరీ మిల్క్ వచ్చింది. ఆ కంపెనీ మన దేశంలో 1948 నుంచే ఉంది కనుక మన ఇళ్లలో చాక్లెట్ అంటే అదే రుచి. బ్రిటన్‌లో చదువుకొని వచ్చినవాళ్లు మాత్రం అక్కడ తిన్న డైరీ మిల్కే కావాలని పట్టుబడతారు. అమెరికాలో ఆ పేరుతో అమ్మే దాన్ని కూడా లైసెన్సు మీద హెర్షీయే చేస్తుంది. ముగ్గురు కస్టమర్లు ఒకే పేరు చెప్పి మూడు వేర్వేరు వస్తువులు అడిగే దుకాణం నీది కాబోతోందని గుర్తుంచుకో.

హెర్షీ బార్ విషయంలో ఇంకొక మాట. దాని పాల చాక్లెట్‌లో లీలగా ఒక పులుపు వాసన ఉంటుంది. పాలను సిద్ధం చేసే పద్ధతిలో పుట్టే బ్యూటిరిక్ ఆమ్లం దానికి కారణమని చెబుతారు. డల్లాస్‌లో పెరిగిన పిల్లలకు ఆ రుచి ప్రాణం, ఇక్కడివాళ్లకు మాత్రం పాడైపోయిన సరుకులా తోస్తుంది. అమ్మేటప్పుడే ‘దీని రుచి ఇలాగే ఉంటుందమ్మా’ అని ఒక మాట చెప్పి ఇచ్చావంటే, సగం తిన్న బార్ తిరిగి నీ కౌంటర్ మీదికి రాదు. అమెరికా నుంచి వచ్చి మిల్కీ వే అడిగేవాడికి కావలసింది దాదాపుగా మిగతా దేశాల్లో మార్స్ పేరుతో అమ్ముడయ్యేదే. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు మెచ్చుకునే గెలాక్సీకి అమెరికాలో పేరు డవ్. ఇవన్నీ బట్టీ పట్టనక్కర్లేదు, ఒక నోటుపుస్తకంలో పేరుకు ఒక పేజీ చొప్పున రాసుకుంటే రెండు నెలల్లో నోటికి వచ్చేస్తాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ ఊళ్లో చాక్లెట్ వ్యాపారికి మొదటి శత్రువు ఎదుటి దుకాణం కాదు, ఎండ. చాక్లెట్‌కు ఆ నునుపునూ, విరిచినప్పుడు వచ్చే ఆ ‘టక్’ శబ్దాన్నీ ఇచ్చే కోకో వెన్న సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఒంటి వేడి దానికంటే కొంచెం ఎక్కువ కాబట్టే అది నోట్లో పెట్టుకోగానే జారిపోతుంది. మే నెలలో 40 దాటే ఊళ్లో ఆ సుగుణమే మన కొంప ముంచుతుంది.

పాతికేళ్ల కిందట ఒక మే నెలలో, చవగ్గా వస్తోందన్న ఆశతో ఒక వ్యాపారి దగ్గర యూరప్ చాక్లెట్లు ఆరు పెట్టెలు కొని, మధ్యాహ్నం రెండు గంటలకు బేగంబజార్ నుంచి ఆటోలో వేసుకొచ్చాను. కొట్టుకు చేరగానే తెలివైన పని చేస్తున్నాననుకొని పెట్టెలన్నీ ఫ్రిజ్‌లో కుక్కాను. వారం తిరక్కుండా మా పాత కస్టమర్ ఒకాయన, రిటైరైన లెక్చరర్, ఒక బార్ తెచ్చి కౌంటర్ మీద పెట్టి, ‘బూజు పట్టిన సరుకు మనవడి చేతికి ఇచ్చారండీ’ అన్నారు. గొంతు పెంచలేదు, అరిచి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. బార్ మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర. అది బూజు కాదని నాకు తెలుసు గాని, ఆయనకు నిరూపించడం ఆ రోజు నాకు చేతకాలేదు, ఆయన మళ్లీ మా కొట్టుకు రానూ లేదు.

నీకు చేతకావాలి కనుక చెబుతున్నాను. అటువంటి పొర కనిపిస్తే ముందు వేలి కొసతో మెల్లగా రుద్దు. వేలి వేడికి జిడ్డుగా కరిగి పొర మాయమైతే, అది కరిగి మళ్లీ గట్టిపడేటప్పుడు పైకి తేలిన కోకో వెన్న. పొర గరుకుగా, పొడిగా ఉండి, మీద వేసిన ఒక్క నీటిచుక్కలో కరిగిపోతే అది చక్కెర. చల్లటి చాక్లెట్ మీద గాలిలోని తేమ పట్టి, పైనున్న చక్కెరను కరిగించి, ఆరిపోయాక మిగిల్చిన గుర్తు. మొదటిది నా ఆటో ప్రయాణం చేసిన పని, రెండోది నా ఫ్రిజ్ చేసిన పని. ఈ పొరల వల్ల తిన్నవాళ్లకు హాని లేదు, కాని అలాంటి బార్‌ను పూర్తి ధరకు అమ్మకు. పాలలో వేసి మరిగించుకోవడానికి ఇంట్లో వాడుకో.

అందువల్ల సరుకు ఎప్పుడూ పొద్దున ఎనిమిదిలోపు దింపించుకో. గదిలో 16 నుంచి 18 డిగ్రీలు నిలకడగా ఉంచు. నిలకడ అనే మాటను నొక్కి చెబుతున్నాను. రాత్రి పదింటికి షట్టర్ దించి ఏసీ ఆపేసి, పొద్దున పదింటికి మళ్లీ వేసే దుకాణంలో చాక్లెట్ ప్రతి రాత్రీ మెత్తబడి ప్రతి పగలూ గట్టిపడుతూ నెల తిరిగేసరికి తెల్లబోతుంది. కరెంటు బిల్లు చూసి భయపడేటట్టయితే దుకాణమంతా చల్లబరచడం మాని, వెనక ఒక చిన్న గదికి మాత్రం రాత్రింబగళ్లు ఏసీ పెట్టి, ముందు అరల్లో ఆ రోజుకు సరిపడా సరుకే ఉంచు. ఎప్పుడైనా ఫ్రిజ్‌లో పెట్టక తప్పకపోతే, బయటకు తీసిన పెట్టె గది వేడికి వచ్చేదాకా మూత విప్పకు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, మన వ్యాపారానికి కూడా అదే గుర్తు: శివరాత్రి దాటాక ఖరీదైన ప్రాలీన్‌లకు, అంటే లోపల మెత్తటి ముద్ద నింపిన చాక్లెట్లకు, పెద్ద ఆర్డరు పెట్టవద్దు. ఆ నాలుగు నెలలూ ఎండకు ఓర్చుకునే సరుకు నడిపించు. చేతిలో కరగకుండా చక్కెర పెంకు తొడిగి 1941లో అమెరికాలో మొదలుపెట్టిన ఎం అండ్ ఎమ్స్ ఉన్నాయి, గట్టి చాక్లెట్ గుడ్డుకు బదులు ఒక డిప్పలో మెత్తటి క్రీము నింపి, రెండో డిప్పలో బొమ్మ పెట్టిన ఫెరెరో వారి కిండర్ జాయ్ ఉంది. గట్టి క్యాండీలకు ఎండ లెక్కలేదు. వాటికి వానాకాలపు తేమే గండం, సీసా మూతలు బిగించి ఉంచితే చాలు.

గమ్మీల విషయంలో, అంటే నమిలితే సాగే జెల్లీ మిఠాయిల విషయంలో, నేను చేసిన తప్పు ఇంకా పెద్దది. ఒక జైనుల కుటుంబానికి పుట్టినరోజు కోసం విదేశీ గమ్మీలు కిలోన్నర అమ్మాను, వాటిలో వేసే జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేదని ఆలోచించకుండా. వాళ్లమ్మాయి ఇంటికెళ్లాక చదివి ఫోన్ చేసింది. డబ్బు తిరిగి ఇచ్చాను, కాని అది డబ్బుతో తీరే విషయం కాదు. హైదరాబాద్‌లో ఈ ప్రశ్న రెండు వైపుల నుంచీ వస్తుంది. 1920లో బాన్ నగరంలో హాన్స్ రీగెల్ స్థాపించిన హరిబో కంపెనీ ఎలుగుబంటి బొమ్మల గమ్మీలనే తీసుకో: జర్మనీలో తయారయ్యే వాటిలో మామూలుగా పంది జెలటిన్ ఉంటుంది, టర్కీ ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి గొడ్డు జెలటిన్‌తో చేసిన హలాల్ సరుకు. మొదటిది టోలీచౌకీ ముస్లిం కస్టమర్‌కు పనికిరాదు, రెండోది చాలా హిందూ ఇళ్లకు పనికిరాదు, శాకాహారులకు రెండూ పనికిరావు. కనుక జెలటిన్‌కు బదులు పండ్ల నుంచి తీసే పెక్టిన్‌తో చేసిన రకాలను విడిగా ఒక అరలో పెట్టి, పచ్చ చుక్క ఉన్న శాకాహార సరుకునూ గోధుమరంగు త్రికోణం ఉన్న మాంసాహార సరుకునూ ఎప్పుడూ కలపకు. నూగా అనే గింజల మిఠాయి రకాలు కొన్నిటిలో, కొన్ని బార్‌లలో గుడ్డు తెల్లసొన ఉంటుంది. టోబ్లరోన్ వెనక చదివితే నీకే కనిపిస్తుంది.

దుబాయ్‌లో ఉన్న నీ స్నేహితురాలు పిస్తా, కునాఫా అనే సేమ్యాలాంటి అరబ్బు మిఠాయి నింపిన ఆ కొత్త చాక్లెట్లను నెలకు రెండు సూట్‌కేసుల్లో పంపిస్తానందని రాశావు. వద్దమ్మా. మా చిన్నప్పుడు గల్ఫ్ నుంచి ఎవరొచ్చినా మెకింతోష్ క్వాలిటీ స్ట్రీట్ డబ్బా తెచ్చేవారు, చాక్లెట్లు రెండు రోజుల్లో అయిపోయి ఆ డబ్బా ఇరవై ఏళ్లు మీ అమ్మమ్మ సూదీ దారాలు మోసింది. అది కానుక. కౌంటర్ మీద పెట్టి అమ్మే సరుకు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, ఎమ్మార్పీ, శాకాహార గుర్తు ఉన్న స్టిక్కర్ ఉండాలి. ఆ స్టిక్కర్ తయారీ తేదీని కప్పేస్తూ అతికించి ఉంటే ఆ పెట్టెను అక్కడికక్కడే వెనక్కి పంపు. సరుకు దేశంలోకి దిగేనాటికి దాని మొత్తం ఆయుష్షులో 60 శాతమో, గడువుకు 3 నెలలో, ఏది తక్కువైతే అంత మిగిలి ఉంటే చాలని నిబంధన. అంటే సక్రమంగా వచ్చిన సరుకు కూడా నీ అరకు చేరేసరికి చివరి రోజుల్లో ఉండవచ్చు. హోల్‌సేల్ వాళ్లు అకస్మాత్తుగా ధర తగ్గించారంటే ముందు తేదీ చూడు, తరవాత సంతోషించు.

జాబితాలో మన సరుకు ఒక్కటీ లేకపోవడం నాకు నచ్చలేదు. 1952లో చిత్తూరులో పుట్టిన న్యూట్రిన్ మిఠాయిల కోసం, రావల్‌గావ్ పాన్ పసంద్ కోసం నలభై దాటినవాళ్లు ఇప్పటికీ వెతుక్కుంటారు. ఒక సీసాలో అవి పోసి గల్లా పక్కన పెట్టు, పిల్లల వెంట వచ్చిన తల్లిదండ్రులు కూడా చెయ్యి పెడతారు. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. పశ్చిమ గోదావరి కొబ్బరితోటల నీడలో పండిన గింజతో ఇక్కడే చాక్లెట్ తయారవుతోంది, బంజారాహిల్స్‌లో 2023లో తెరిచిన ‘మనం చాక్లెట్’ అనే కంపెనీ వారి దుకాణం ఒకసారి వెళ్లి చూడు. బెల్జియం పేరు ఉన్న ప్రతి రేపర్‌కూ తలవంచే కస్టమర్‌కు ఒక ముక్క విరిచి రుచి చూపిస్తే, బేరం మాట్లాడే తీరే మారుతుంది.

43 పేర్లను 18కి తగ్గించి, ఒక్కొక్కదాని ఎదుట తయారైన దేశం, జెలటిన్ లేదా గుడ్డు ఉన్నదీ లేనిదీ, గడువు రాసి తీసుకొని వచ్చే ఆదివారం రా. సోమవారం పొద్దున ఏడున్నరకు బేగంబజార్ వెళ్దాం. ఐస్ ప్యాకులు మీ అత్తయ్య ఇప్పటికే ఫ్రీజర్‌లో పెట్టింది. మా పాత కొట్టు గోడకు ఉండిన థర్మామీటరును ఈ ఉత్తరంతో పాటు పంపిస్తున్నాను. దాన్ని ఏసీ గాలి తగిలే చోట పెట్టకు, అక్కడ అది అబద్ధం చెబుతుంది. వెనక గదిలో అన్నిటికంటే పై అర మీద పెట్టు.

ఇట్లు,
మీ మామయ్య