‘ది సీక్రెట్ గార్డెన్’: పదేళ్ల పిల్లకి పుస్తకం ముందా, సినిమా ముందా?

అక్కగారు పోయాక మేనకోడలిని మీ ఇంటికి తెచ్చుకున్నామని, పదేళ్ల పిల్ల ఎవరితోనూ కలవడం లేదని రాశారు. ఎవరో ‘ది సీక్రెట్ గార్డెన్’ చదివించమన్నారట. నవల ముందా, 1993లో వచ్చిన సినిమా ముందా అని అడిగారు. మూసేసిన గదులు, రాత్రిపూట ఏడుపులు ఉన్న కథ కదా, భయపడుతుందేమోనని మీ టెన్షన్.

నవలే ముందు. అయితే పుస్తకం చేతికిచ్చి వదిలేయకండి, పక్కన కూర్చుని చదవండి. నేనూ అలా ఒక ఇంటికి వచ్చిన పిల్లనే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాన్నకి కొత్తగూడెంలో బొగ్గుగనిలో ఉద్యోగం, షిఫ్టు డ్యూటీలు. నన్ను మలక్‌పేటలో పెద్దమ్మ దగ్గర ఉంచారు. అందరూ బాగా చూసుకున్నారు. కానీ చాలా రాత్రులు వంటింట్లోంచి ఏడుపు వినిపించేది. పొద్దున అడిగితే "ఏం లేదమ్మా, పిల్లి అయ్యుంటుంది" అనేది పెద్దమ్మ. ఏడ్చేది తనేనని, చెల్లెలి కోసమేనని నాకు తెలుసు. తెలిసి కూడా తెలియనట్టు పడుకోవాల్సి రావడం నాకు దయ్యాల కథలకంటే భయంగా ఉండేది.

ఆ ఏడాదే పెదనాన్న ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఈ నవల కొనుక్కొచ్చారు. పిల్లల కోసం కుదించిన పాత కాపీ. రోజూ భోజనాలయ్యాక కొంచెం చదివి, తెలుగులో అర్థం చెప్పేవారు.

1911లో పుస్తకంగా వచ్చిన ఈ నవల రాసింది ఫ్రాన్సిస్ హాడ్జ్‌సన్ బర్నెట్. మేరీ మన దేశంలోనే పుట్టిన ఇంగ్లీషు పిల్ల. కలరాతో తల్లీతండ్రీ పోతారు, బతికిన పనివాళ్లు పారిపోతారు. బంగళాలో ఒక పిల్ల ఉందన్న సంగతి ఎవరికీ గుర్తురాదు. తర్వాత ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్‌కి, మామయ్య ఇంటికి పంపిస్తారు. వంద గదుల ఇల్లు, చాలావాటికి తాళాలు. రాత్రి ఎవరో ఏడుస్తున్నారని మేరీ అంటే పనమ్మాయి మార్తా అది గాలి అంటుంది. ఇంటి పెత్తనం చూసే మెడ్‌లాక్ అయితే, నీకసలు అలాంటిదేమీ వినపడలేదు పొమ్మంటుంది.

అక్కడ పెదనాన్నని ఆపేసి లేచి పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. "పిల్లి కాదు కదా పెద్దమ్మా?" అన్నాను. చేతిలో గిన్నె పక్కన పెట్టి నన్ను దగ్గరికి లాక్కుంది. అమ్మ పోయాక ఆ ఇంట్లో మేమిద్దరం కలిసి ఏడ్చింది అదే మొదటిసారి.

కాబట్టి భయం గురించి నా జవాబు ఇది. కథలో దయ్యం లేదు. ఏడ్చేది కాలిన్ అనే పిల్లాడు, మేరీకి మేనత్త కొడుకు. గూని వస్తుందని, చచ్చిపోతానని భయపడుతూ మంచం దిగకుండా పెరుగుతాడు. (బర్నెట్ పెద్దకొడుకు 1890లో పదహారేళ్లకే క్షయతో పోయాడు. అది తెలిశాక కాలిన్ లేచి నడిచే చోటు నేను మునుపటిలా చదవలేకపోయాను.) మీ ఇంట్లోనూ రాత్రిళ్లు ఎవరైనా ఏడుస్తుంటే, ఆ అధ్యాయం వచ్చే లోపలే పాపకి చెప్పేయండి.

ఆన్యెష్కా హోలాండ్ తీసిన సినిమాలో కలరా బదులు భూకంపం పెట్టారు. చూడటానికి అది పెద్ద సీను. కానీ భూకంపంలో ఎవరు పోయినా అది ప్రమాదం అనుకుంటాం. పిల్లని మరిచిపోవడం వేరు, ఆ బరువు నవలలోనే ఉంది. వాన పడే రోజు మేరీ ఒంటరిగా గదులన్నీ తిరగడం కూడా నవలలో తీరుబడిగా సాగుతుంది. ఓ గదిలో దంతపు ఏనుగు బొమ్మలు తీసి చాలాసేపు ఆడుకుని, మళ్లీ వరసగా సర్దేస్తుంది. సోఫా దిండుకున్న కన్నంలో ఎలుక, దాని ఆరు పిల్లలు పడుకుని ఉంటాయి. ఆ ఇంట్లో ఒంటరిగా లేనివి అవే. ఇలాంటివి ఒంటరి పిల్లలకి వెంటనే అందుతాయి.

ఒక్క జాగ్రత్త. మేరీ ఆయాని కొడుతుంది, ఇక్కడివాళ్లు మనుషులే కారు, పనివాళ్లు అంటుంది. పెంకి పిల్ల మాట అని సరిపెట్టుకుందామన్నా, మన ఎండలే ఆమెని పాడుచేశాయన్నట్టు రచయిత్రి కూడా రాస్తుంది. పూర్తి నవల చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. ఆ పేజీలు దాటవేయకండి, అది తప్పని పాపతో అనండి.

నవల మీద నాకున్న అసలు కోపం చివర్లో. సగం నుంచి కథ కాలిన్‌దైపోతుంది. ముగింపులో తండ్రీకొడుకులు పక్కపక్కన నడిచి వస్తుంటారు, మేరీ ఊసే ఉండదు. మరిచిపోయిన పిల్లతో మొదలుపెట్టి, ఆ పిల్లనే మళ్లీ మరిచిపోతే ఎలా? సినిమా ఇక్కడ గెలిచింది. తనకి ఏడవడం తెలియదని మొదట్లోనే చెప్పిన మేరీ, చివరికి తానెవరికీ అక్కర్లేదనుకుని ఏడుస్తుంది. మామయ్య ఆమెని దగ్గరికి తీసుకుంటాడు. కేబుల్‌లో ఆ సినిమా వచ్చినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. పెద్దమ్మ పక్కనే కూర్చుని ఉంది.

అందుకే నవల అయిపోయాక, సెలవు రోజు చూసి సినిమా పెట్టండి. ఆ సీను వచ్చేటప్పటికి ఫోన్లూ వంటా పక్కన పెట్టి ఇంట్లో అందరూ గదిలో ఉండండి. అప్పుడు పాప టీవీ వైపు కాకుండా మీ వైపు చూస్తుంది.