దాత యువకుడే, అయినా కణాలు ఎందుకు చాలలేదు?

ప్రశ్న: మా అబ్బాయికి 38 ఏళ్లు, కెనడాలో ఉద్యోగం. పదకొండో ఏట టైప్ 1 మధుమేహం వచ్చింది. ఇప్పుడు షుగర్ పడిపోతున్నా తనకు తెలియడం లేదు. రెండుసార్లు స్పృహ తప్పితే కోడలే అంబులెన్స్ పిలిచింది. దాత క్లోమం నుంచి తీసిన ఐలెట్ కణాల మార్పిడికి పేరు నమోదు చేశారు. ఇంతవరకు రెండుసార్లు పిలిచి, కణాలు చాలలేదని వెనక్కి పంపారు. మొదటిసారి క్లోమం చాలా దూరం నుంచి వచ్చిందన్నారు. రెండోసారి దాత ఇరవై ఏళ్లు కూడా నిండని, సన్నటి, ఆరోగ్యవంతుడైన కుర్రవాడట. అటువంటి క్లోమం కూడా పనికిరాకపోవడం ఏమిటి? ఆ తల్లిదండ్రులు ఇచ్చింది వృథా అయినట్టేనా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, మీ అబ్బాయి శరీరంలోని లోపమేదో అడ్డుపడిందన్న దిగులు మనసులో ఉంటే ముందు దాన్ని తీసేయండి. దాత క్లోమం నుంచి ఎన్ని కణాలు చేతికి వస్తాయన్నది మార్పిడి చేయించుకునేవారి మీద ఆధారపడదు. దాత వయసు, ఒళ్లు, చివరి రోజులు గడిచిన తీరు, క్లోమం మంచు మీద ఉన్న గంటలు దాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి.

పెద్దవారి క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే లాంగర్‌హాన్స్ పుటికలు, అంటే ఐలెట్లు, సుమారు 10 లక్షలు ఉన్నా బరువులో అవి 1 నుంచి 2 శాతమే. మిగిలినదంతా జీర్ణరసాలు తయారుచేసే కండ. ఆ కండలోంచి ఐలెట్లను విడదీయడానికి క్లోమనాళం గుండా కొలాజినేజ్ అనే ఎంజైమును ఎక్కించి, క్లోమాన్ని ముక్కలు చేసి, పరిశోధకుడు కామిల్లో రికార్డీ 1988లో ప్రకటించిన పద్ధతిలో గోళీలున్న ఒక పాత్రలో వేసి, 37 డిగ్రీల వెచ్చదనంలో కుదుపుతారు. కొన్ని నిమిషాలకొకసారి చుక్క తీసి డైథిజోన్ రంగు కలిపి చూస్తారు. ఇన్సులిన్‌తో పాటు జింకు నిల్వ ఉంటుంది కాబట్టి ఐలెట్లు మాత్రం ఎర్రగా మారతాయి. ఎర్రటి పూసలు చుట్టూ ఉన్న కండను వదిలి విడిగా కనబడిన క్షణంలో ఎంజైము పనిని ఆపాలి. ఆలస్యమైతే అది ఐలెట్లనే చితకగొడుతుంది.

రెండోసారి ఆ కుర్రవాడి క్లోమం ఎందుకు పనికిరాలేదన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. చింతకాయ పండితే పెంకు దానంతటదే గుల్లబారి వీడిపోతుంది. పచ్చికాయకు మాత్రం పెంకు కండను అంటిపెట్టుకునే ఉంటుంది. ఇరవై ఏళ్లలోపు దాతల క్లోమం తరచుగా పచ్చి చింతకాయలాగే ప్రవర్తిస్తుంది. ఎంజైము ఎంత పనిచేసినా ఐలెట్ చుట్టూ కండ తొడుగులా మిగిలిపోతుంది. తర్వాత సాంద్రతను బట్టి వేరుచేసే యంత్రంలో శుభ్రమైన ఐలెట్లు తేలికగా పైపొరల్లో నిలుస్తాయి; తొడుగుతో ఉన్నవి బరువెక్కి పనికిరాని కండతో పాటే దిగిపోతాయి. విచారమేమిటంటే, విడివిడిగా చూస్తే ఆ లేత ఐలెట్లే పెద్దవయసు వారివాటికంటే చురుగ్గా ఇన్సులిన్‌ను విడుదల చేస్తాయి.

కుర్రవాడు సన్నగా ఉండటం కూడా లెక్కలో కలిసిరాలేదు. ఒళ్లున్నవారి క్లోమం సాధారణంగా పెద్దది, దొరికే ఐలెట్లూ ఎక్కువ. అందుకే క్లోమాన్ని మొత్తంగా అమర్చే శస్త్రచికిత్సకు సన్నటి యువ దాతను కోరుకునే వైద్యులే, ఐలెట్ల కోసం బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూపే సూచిక) ఎక్కువగా ఉన్న నడివయసు దాతవైపు చూస్తారు. అయితే అటువంటివారిలో బయటపడని టైప్ 2 మధుమేహం ఉండే అవకాశం ఉంది కాబట్టి, మూడు నెలల సగటు షుగర్‌ను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష తప్పనిసరిగా చూడాలి.

మొదటిసారి సంగతికి వస్తే, రక్తప్రసారం ఆగిన క్లోమం మంచు మీద గడిపే ప్రతి గంటా ఐలెట్లకు నష్టమే. 8 గంటలలోపు ప్రయోగశాలకు చేరితే మేలు. 12 గంటలు దాటితే ఆశ బాగా సన్నగిల్లుతుంది. కెనడా వంటి విశాల దేశంలో దూరం చిన్న విషయం కాదు. అక్కడి ఎడ్మంటన్ నగర పరిశోధకులు 1996లో ప్రచురించిన విశ్లేషణలో దాత వయసు, బరువులతో పాటు నిల్వ సమయం, గుండె ఆగిన వ్యవధి, రక్తంలో షుగర్, అవయవాన్ని తీసినది స్థానిక బృందమా కాదా అన్నవి కూడా ఫలితాన్ని మార్చాయని తేలింది. బ్రెయిన్‌డెడ్ స్థితి కూడా శరీరమంతటా వాపు కలిగించే రసాయనాలను రేపి, ఐలెట్లను ముందే బలహీనపరుస్తుంది. కాబట్టి ఐసీయూలో దాత రక్తపోటును, షుగర్‌ను జాగ్రత్తగా కాపాడిన సిబ్బంది శ్రమ కూడా ఈ మార్పిడిలో భాగమేనని నేను నమ్ముతాను.

చాలడమంటే ఎంత? సాధారణంగా కిలో బరువుకు కనీసం 5,000 ఐలెట్ సమానాలు (చిన్నాపెద్దా ఐలెట్లను ఒకే ప్రామాణిక సైజుకు మార్చి వేసే లెక్క) కావాలంటారు. 70 కిలోల మనిషికి 3,50,000. కాలేయంలోకి ఎక్కించాక తొలి రోజుల్లోనే వాటిలో చాలా నశిస్తాయి. 2000లో ఎడ్మంటన్ బృందం ఏడుగురిని ఇన్సులిన్ సూదుల నుంచి విముక్తులను చేసినప్పుడు, వారికి ఒకరికి మించిన దాతల ఐలెట్లు అవసరమయ్యాయి. మీ అబ్బాయికీ రెండో విడత అవసరమని చెబితే కంగారుపడకండి. తక్కువ కణాలు ఎక్కించి, జీవితకాలం వ్యాధినిరోధక శక్తిని అణిచే మందులు వాడించడం కంటే వెనక్కి పంపడమే సరైన నిర్ణయమని నా అభిప్రాయం. ఈలోగా షుగర్ పడిపోతే మోగే సెన్సరును రాత్రిళ్లు కూడా తీయవద్దని, షుగర్‌ను వెంటనే పెంచే గ్లూకగాన్ మందును ఇంట్లో అందుబాటులో ఉంచమని కోడలికి చెప్పండి.

ఆ తల్లిదండ్రుల దానం గురించి అడిగారు. మార్పిడికి చాలని ఐలెట్లను, కుటుంబం అంగీకరిస్తే, పరిశోధనకు ఇస్తారు. ఎడ్మంటన్‌లోని ఆల్బర్టా డయాబెటిస్ ఇన్‌స్టిట్యూట్‌లో ఐలెట్‌కోర్ అనే విభాగం అటువంటివాటిని పరిశోధకులకు అందజేస్తోంది. లేత ఐలెట్లు చురుకైనవని నేను పైన రాయగలిగింది అలా ఇచ్చిన కుటుంబాల వల్లనే.